డ్రైవర్ క్లీనప్ ప్యాచ్ చేతికొస్తే ముందు రిమూవ్ ఫంక్షన్ తెరవండి

లైనక్స్ కెర్నెల్ సోర్స్ కోడ్‌లో సగానికి పైగా పరికరాలను నడిపే డ్రైవర్లే. కెర్నెల్‌లో కొత్తగా చెయ్యి పెట్టేవాళ్లు ఎక్కువమంది అక్కడే, అదీ కోడ్‌ను శుభ్రం చేసే చిన్న మార్పుతో, అంటే క్లీనప్ ప్యాచ్‌తోనే మొదలుపెడతారు. నెల్లూరు, కావలి, ఒంగోలు కాలేజీల్లో చదివి ఎంబెడెడ్ వైపు వచ్చే పిల్లలు చూపించే మొదటి ప్యాచ్ కూడా దాదాపు అదే రకం. ప్యాచ్ ఎట్టా పంపాలో చెప్పే పాఠాలు కావలసినన్ని ఉన్నాయి. వచ్చిన ప్యాచ్‌ను ఎట్టా చదవాలి, ఎక్కడ అనుమానపడాలి, దేనికి సరే అనాలి అన్నది మాత్రం ఎవరికి వాళ్లు దెబ్బలు తిని నేర్చుకుంటున్నారు. ఈ పోస్టు ఆ చదవడం గురించి.

ముందు ఒక మాట తేల్చుకుందాం. క్లీనప్ అంటే కోడ్ మారుతుంది, చిప్‌కు ఆ సంగతి తెలియదు. అవే రిజిస్టర్లు (చిప్‌కు ఆదేశాలిచ్చే, దాని స్థితి చెప్పే చోట్లు), అవే విలువలు, అదే వరస. పైన యూజర్ ప్రోగ్రాముకు వచ్చే ఎర్రర్ నంబర్లు కూడా అవే. వీటిలో ఏ ఒక్కటి మారినా అది క్లీనప్ కాదు. మంచి మార్పే కావచ్చు, కానీ దాని అసలు పేరుతో, విడి ప్యాచ్‌గా రావాలి. ప్యాచ్‌తో వచ్చే వివరణలో, అంటే కమిట్ సందేశంలో 'పనితీరులో మార్పు లేదు' అని రాసి ఉంటే, అది నిజమేనా అని తేల్చడమే రివ్యూ చేసేవాళ్ల పని. ఆ మాట నమ్మి ముందుకు పోతే రివ్యూ చెయ్యనట్టే.

ఇక రిమూవ్ ఫంక్షన్ సంగతి. డ్రైవర్ పరికరాన్ని పట్టుకునేటప్పుడు ప్రోబ్ నడుస్తుంది, వదిలేటప్పుడు రిమూవ్ నడుస్తుంది. యూఎస్‌బీ డ్రైవర్లలో దాన్నే డిస్కనెక్ట్ అంటారు. బోర్డు ఆన్ చేసిన ప్రతిసారీ ప్రోబ్ నడుస్తుంది కాబట్టి అందులో తప్పుంటే అదే రోజు బయటపడుతుంది. రిమూవ్ అట్టా కాదు. డ్రైవర్‌ను కెర్నెల్‌లోనే కలిపి కట్టేస్తే, పరికరం బోర్డుకు సోల్డర్ చేసి ఉంటే, రిమూవ్ ఏళ్ల తరబడి ఒక్కసారి కూడా నడవదు. ప్యాచ్ పంపినవాళ్లు బోర్డు బూట్ అయిందని చూసి 'టెస్ట్ చేశాను' అంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కాకపోతే వాళ్లు టెస్ట్ చేసింది సగమే.

మన వైపు ఆ రెండో సగం ఎంత అవసరమో చూడండి. ముత్తుకూరు, అల్లూరు, కొత్తపట్నం తీరంలో ఒక రొయ్యల గుంట అనుకోండి. గట్టు మీద పెట్టెలో చిన్న ఆర్మ్ బోర్డు, దానికి యూఎస్‌బీని ఆర్‌ఎస్-485గా మార్చే కేబుల్, ఆ కేబుల్ చివర నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచే సెన్సర్. అదే పెట్టె పక్కన నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్ల స్టార్టర్లు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మోటార్లు ఒక్కసారిగా లేస్తాయి. ఆ కుదుపుకు యూఎస్‌బీ లైన్లో గోల పుట్టి, లాగ్‌లో మైనస్ 71 ఎర్రర్ పడి, కేబుల్ ఊడిపోయినట్టు, మళ్లీ పెట్టినట్టు కెర్నెల్‌కు కనపడుతుంది. అంటే డిస్కనెక్ట్, ప్రోబ్, డిస్కనెక్ట్, ప్రోబ్. రాత్రంతా నీళ్లలో పాచి కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది గదా, తెల్లారుజామున ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువకు దిగుతుంది. లెక్క తప్పకూడనిది సరిగ్గా ఆ వేళే. ఆఫీసులో ఎవరూ నడపని ఫంక్షన్ గట్టు మీద ఒక్క రాత్రిలో పదిసార్లు నడవొచ్చు.

క్లీనప్‌లలో బాగా ఎక్కువగా వచ్చేది, బాగా ఎక్కువగా బోల్తా కొట్టేది డెవ్ఎమ్ మార్పిడి. పేరు ముందు 'డెవ్ఎమ్' అని ఉండే ఫంక్షన్లు 2007లో 2.6.21 కెర్నెల్‌తో వచ్చాయి. వాటితో తీసుకున్న మెమరీ, ఇంటరప్ట్ (పరికరం సీపీయూను పిలిచే సంకేతం), క్లాక్ (హార్డ్‌వేర్ బ్లాకును నడిపే టిక్కు) లాంటివి మనం విడిగా వదలనక్కర్లేదు. ప్రోబ్ మధ్యలో విఫలమైనా, పరికరం ఊడిపోయినా కెర్నెలే తీసుకున్న వరసకు తలకిందులుగా వదిలేస్తుంది. ఎర్రర్ వస్తే దూకడానికి పెట్టిన గోటు లేబుళ్లు పోతాయి, రిమూవ్ చిన్నదవుతుంది, నలభై లైన్లు పది లైన్లవుతాయి. చూడడానికి ముచ్చటగా ఉంటుంది. అసలు చిక్కు ఎక్కడంటే, ఆ వదలడం రిమూవ్ ఫంక్షన్ పూర్తిగా అయిపోయి తిరిగి వచ్చాకే మొదలవుతుంది.

దగ్గరగా చూద్దాం. పాత డ్రైవర్ ప్రోబ్‌లో నాలుగు అడుగులు: మెమరీ తీసుకోవడం, రిజిస్టర్లను మ్యాప్ చెయ్యడం, క్లాక్ ఆన్ చెయ్యడం, ఇంటరప్ట్ హ్యాండ్లర్‌ను నమోదు చెయ్యడం. రిమూవ్‌లో ముందు ఇంటరప్ట్ వదిలేస్తారు, తర్వాత క్లాక్ ఆపుతారు. వరస సరిగ్గా ఉంది. ఇప్పుడు ప్యాచ్ వచ్చింది: 'రిక్వెస్ట్ ఐఆర్‌క్యూ'ను 'డెవ్ఎమ్ రిక్వెస్ట్ ఐఆర్‌క్యూ'గా మార్చి, రిమూవ్‌లోంచి ఇంటరప్ట్ వదిలే లైను తీసేశారు. క్లాక్ జోలికి పోలేదు. డిఫ్‌లో, అంటే మారిన లైన్ల జాబితాలో రెండు మూడు లైన్లే, ఏ లైనులోనూ తప్పు కనపడదు.

కానీ ఇప్పుడు జరిగేది ఇది. రిమూవ్ నడిచి క్లాక్ ఆగిపోతుంది. ఇంటరప్ట్ హ్యాండ్లర్ ఇంకా బతికే ఉంది. ఆ సందులో ఇంటరప్ట్ వస్తే హ్యాండ్లర్ లేచి స్టేటస్ రిజిస్టర్ చదవబోతుంది. క్లాక్ ఆగిన హార్డ్‌వేర్ బ్లాక్ జవాబివ్వదు. చాలా ఆర్మ్ చిప్పుల్లో దానికి ఫలితం ఎక్స్‌టర్నల్ అబార్ట్ కావచ్చు, లేదంటే బస్సు బిగుసుకుపోయి బోర్డు మొత్తం నిలిచిపోవచ్చు. 'మా పరికరాన్ని ఆపేశాం గదా, ఇంటరప్ట్ ఎందుకొస్తుంది' అంటారు. ఆ ఇంటరప్ట్ లైను ఇంకో పరికరంతో పంచుకున్నదైతే పక్కదానికి వచ్చిన ఇంటరప్ట్‌కు కూడా మన హ్యాండ్లర్‌ను పిలుస్తారు. దోషం ఉన్నది డిఫ్‌లో లేని క్లాక్ లైనులో. ప్యాచ్ దాన్ని తాకనే లేదు, దాని ముందు వెనకలు మాత్రం మార్చింది.

దీన్ని పట్టడానికి కాగితం, పెన్ను చాలు. ఎడమ పక్క ప్రోబ్‌లో తీసుకునే ప్రతిదాన్నీ వరసగా కిందికి రాయండి. కుడి పక్క వదిలే వరస రాయండి: ముందు రిమూవ్‌లో చేత్తో వదిలేవి, వాటి కింద డెవ్ఎమ్ వదిలేవి తలకిందులుగా. ఒకే వస్తువును రెండు పక్కలా గీతతో కలపండి. చివర తీసుకున్నది మొదట వదలాలి, మొదట తీసుకున్నది చివర వదలాలి. ఆ లెక్క ఎక్కడ తప్పితే అక్కడ ప్రశ్న వెయ్యండి. ఇంకా సులువుగా చెయ్యాలంటే ప్రోబ్ పై నుంచి చదువుకుంటూ రండి, చేత్తో వదలాల్సిన మొదటి అడుగు తగలగానే అక్కడ గీత గీయండి. ఆ గీత కింద డెవ్ఎమ్ పిలుపు కనపడితే అనుమానించాల్సిందే. గీత పైన ఎన్ని ఉన్నా పర్వాలేదు.

పై ప్యాచ్‌కు రెండు మార్గాలున్నాయి. క్లాక్‌ను కూడా డెవ్ఎమ్ కిందికి తేవడం ఒకటి. 2022లో 6.0 కెర్నెల్‌లో వచ్చిన 'డెవ్ఎమ్ క్లాక్ గెట్ ఎనేబుల్డ్' క్లాక్ తెచ్చి, ఆన్ చేసి, చివర ఆపే పని కూడా చూసుకుంటుంది. డెవ్ఎమ్ రూపం లేని అడుగు ఏదైనా ఉంటే 'డెవ్ఎమ్ యాడ్ యాక్షన్ ఆర్ రీసెట్'తో దాని విరుగుడు ఫంక్షన్‌ను నమోదు చెయ్యొచ్చు. నమోదు విఫలమైతే ఆ విరుగుడును అక్కడికక్కడే పిలుస్తుంది. రెండో మార్గం, ఇంటరప్ట్‌ను పాత పద్ధతిలోనే వదిలెయ్యడం. సగం మార్చడం మాత్రం పనికిరాదు.

పనిని తర్వాతకు వాయిదా వేసే వర్క్ క్యూలు, టైమర్లు ఉన్న డ్రైవర్లలో ఇదే తప్పు ఇంకో వేషంలో వస్తుంది. రిమూవ్‌లో 'క్యాన్సిల్ వర్క్ సింక్' అని ఉంటుంది, దాని పైన ఉండాల్సిన ఇంటరప్ట్ వదిలే లైను క్లీనప్‌లో ఎగిరిపోతుంది. పెండింగ్ పని రద్దయింది. ఆ వెంటనే ఇంటరప్ట్ వచ్చి హ్యాండ్లర్ అదే పనిని మళ్లీ క్యూలో పెట్టింది. తర్వాత డెవ్ఎమ్ ఇంటరప్ట్‌ను వదిలింది, మెమరీని కూడా వదిలింది. క్యూలోని పని మాత్రం కాసేపటికి లేచి, లేని మెమరీని ముట్టుకుంటుంది. హ్యాండ్లర్‌లో 'షెడ్యూల్ వర్క్' కనపడితే, రిమూవ్‌లో రద్దు లైను కనపడితే, రెండిటి మధ్య ఇంటరప్ట్ ఎప్పుడు ఆగుతోందో చూడకుండా వదలొద్దు.

మెమరీ విషయంలో ఇంకొకటి. 'కేజడ్ అలాక్' తీసి 'డెవ్ఎమ్ కేజడ్ అలాక్' పెట్టి, 'కేఫ్రీ' లైను తీసేసే ప్యాచ్‌లు కుప్పలుగా వస్తాయి. ఆ 'కేఫ్రీ' ఎక్కడుందో చూడండి. రిమూవ్‌లో ఉంటే సాధారణంగా పర్వాలేదు. రిలీజ్ అనే ఫంక్షన్‌లో ఉంటే, ఆ మెమరీ పరికరం కంటే ఎక్కువ కాలం బతకాలని పాత రచయిత అనుకున్నట్టు లెక్క. గుంట గట్టు మీద అదే గదా జరిగేది. కేబుల్ ఊడినట్టయినా పైన లాగర్ ప్రోగ్రాము ఆ పోర్టు ఫైలును తెరిచే ఉంచుతుంది. ఫైలు మూసేదాకా మెమరీ ఉండాలి. డెవ్ఎమ్ మెమరీ ఊడిన క్షణమే పోతుంది, ఆ తర్వాత ప్రోగ్రాము చదివినా, మూసినా వదిలేసిన మెమరీ మీదే పడుతుంది. ఇలాంటి డ్రైవర్‌కు ఆ క్లీనప్ అసలు వద్దు.

రిమూవ్ తెరిచారు కాబట్టి అక్కడే ఇంకొకటి కూడా చూసెయ్యండి. ప్లాట్‌ఫామ్ డ్రైవర్ల (చిప్‌లోనో బోర్డులోనో కలిసి ఉండే పరికరాలవి) రిమూవ్ 2024లో 6.11 కెర్నెల్ నుంచి ఏ విలువా తిరిగివ్వదు. అంతకు ముందు ఎర్రర్ నంబర్ ఇచ్చినా కెర్నెల్ పట్టించుకోకుండా పరికరాన్ని విడదీసేది. పాత కోడ్‌లో మధ్యలో 'విఫలమైతే తిరిగిపో' అని ఉంటే, దాని కింద ఉన్న వదిలే లైన్లన్నీ నడవకుండా పోయేవి. రిటర్న్ పక్కనున్న నంబర్ తీసేసి కొత్త కెర్నెల్‌కు కంపైల్ అయ్యేట్టు చేస్తే సరిపోదు, వదలకుండా మిగిలిపోయే ఆ కారుడు (లీక్) అట్టాగే ఉంటుంది. అది పాత తప్పు. ఈ ప్యాచ్ పంపినవాళ్లది కాదు. అయినా అడగాల్సింది రివ్యూ చేసేవాళ్లే.

ఆ మధ్యలో తిరిగిపోవడం ఎక్కువగా పరికరాన్ని నిద్ర లేపే రన్‌టైమ్ పవర్ పిలుపు దగ్గరే ఉంటుంది. 'పీఎం రన్‌టైమ్ గెట్ సింక్' విఫలమైనా, పరికరాన్ని ఎంతమంది వాడుతున్నారన్న లెక్కను ఒకటి పెంచేస్తుంది. దాని బదులు 2020లో వచ్చిన 'పీఎం రన్‌టైమ్ రిజ్యూమ్ అండ్ గెట్' విఫలమైతే పెంచిన లెక్కను తానే తగ్గిస్తుంది. కాబట్టి పేరు మార్చినప్పుడు ఎర్రర్ దారిలో ఆ లెక్కను తగ్గించే 'పుట్' కూడా తీసెయ్యాలి, లేకపోతే లెక్క రెండుసార్లు తగ్గుతుంది. ఇంకో తేడా కూడా ఉంది: పరికరం ముందే మేలుకుని ఉంటే మొదటిది 1 ఇస్తుంది, రెండోది 0 ఇస్తుంది. ఆ విలువను ఎవరైనా వాడుకుంటున్నారేమో చూడాలి.

రిమూవ్ నుంచి బయటికొద్దాం. నాకు అన్నిటికంటే భయం పుట్టించే క్లీనప్ ఒక్క లైనుదే. డ్రైవర్‌లో ఇట్టా ఉంటుంది:

రైట్ఎల్(ఆపు, బేస్ + కంట్రోల్);
వ్యాల్ = రీడ్ఎల్(బేస్ + స్టేటస్);

ఆ 'వ్యాల్'ను తర్వాత ఎక్కడా వాడరు. కంపైలర్ 'విలువ పెట్టారు కానీ వాడలేదు' అని హెచ్చరిస్తుంది. ప్యాచ్ వస్తుంది: వాడని వేరియబుల్ తీసేశాం, దాంతోపాటు ఆ రీడ్ లైను కూడా. హెచ్చరిక పోయింది. డ్రైవర్ కూడా పాడైంది.

రిజిస్టర్ చదవడం మెమరీ చదవడం లాంటిది కాదు, అదొక పని. పీసీఐ బస్సులో రాతలు దారిలో కాసేపు ఆగొచ్చు. సీపీయూ రాసేసి ముందుకు పోతుంది, చిప్‌కు అది ఇంకా చేరి ఉండదు. అదే పరికరం నుంచి ఏదో ఒకటి చదివితే ముందు పంపిన రాతలన్నీ చేరాకే జవాబు వస్తుంది. పాత రచయిత ఆ రీడ్ పెట్టింది అందుకే అయ్యుండొచ్చు. ఇంకొన్ని చిప్పుల్లో స్టేటస్ రిజిస్టర్ చదివితేనే ఇంటరప్ట్ గుర్తు చెరిగిపోతుంది. చదవకపోతే అదే ఇంటరప్ట్ మళ్లీ మళ్లీ కొడుతూనే ఉంటుంది. ఊద గడ్డి వరిలాగా కనపడి మోసం చేస్తుందని మన పొలాల్లో కలుపు తీసేవాళ్లకు తెలుసు. ఇక్కడ వరే ఊదలాగా కనపడుతుంది. సరైన క్లీనప్‌లో వేరియబుల్ పోతుంది, రీడ్ పిలుపు ఒంటరిగా ఉంటుంది, పైన 'రాత చిప్‌కు చేరడం కోసం' అని ఒక కామెంట్ ఉంటుంది. ఎందుకు పెట్టారో తెలియకపోతే ఆ చిప్ డేటాషీట్ చూడాలి, 'గిట్ బ్లేమ్'తో ఆ లైను పుట్టిన కమిట్ చదవాలి. రెండూ ఏమీ చెప్పకపోతే లైను ఉండనివ్వాలి.

రిజిస్టర్లను చదివే, రాసే పనిని ఒకే పద్ధతిలో పెట్టే రెగ్‌మ్యాప్ మార్పిడుల్లోనూ ఇదే సంగతి. రెగ్‌మ్యాప్‌కు క్యాష్ పెడితే ఒకసారి చదివిన రిజిస్టర్‌ను మళ్లీ చిప్ దాకా పోకుండా మెమరీ నుంచే ఇస్తుంది. స్టేటస్ రిజిస్టర్లను వోలటైల్ (క్యాష్ నుంచి ఇవ్వకూడనివి) జాబితాలో పెట్టారా, చదివితే చెరిగిపోయేవాటిని ప్రెషస్ జాబితాలో పెట్టారా అని డేటాషీట్‌లోని రిజిస్టర్ పట్టికతో ఒక్కొక్కటీ సరిపోల్చాలి. రెండోది పెట్టకపోతే ఎవరో డీబగ్‌ఎఫ్ఎస్‌లో రిజిస్టర్లు చూసినందుకే ఇంటరప్ట్ గుర్తులు మాయమవుతాయి.

మిగిలిన రకాలు త్వరగా చెప్తాను. 'స్టర్ ఎన్ కాపీ' బదులు 'స్టర్ ఎస్ కాపీ' పెట్టే ప్యాచ్: మొదటిది మిగిలిన చోటంతా సున్నాలతో నింపుతుంది, రెండోది నింపదు. ఆ స్ట్రక్చర్‌ను తర్వాత యూజర్ ప్రోగ్రాముకు కాపీ చేస్తుంటే, నింపని చోట ఉన్న పాత కెర్నెల్ మెమరీ బయటికి పోతుంది. అక్కడ చివర 'ప్యాడ్' ఉన్న రూపం వాడాలి. 2024లో 6.8లో తీసేసిన 'స్టర్ ఎల్ కాపీ' నుంచి మార్చిన పాత ప్యాచ్‌లను వెనక కెర్నెల్‌కు తెచ్చేటప్పుడు రిటర్న్ విలువ చూడండి. అది మూల స్ట్రింగ్ పొడవు ఇచ్చేది, కొత్తది పట్టకపోతే నెగటివ్ ఎర్రర్ ఇస్తుంది.

'1 << 31' తీసి 'బిట్(31)' పెట్టడం అందంగానే ఉంటుంది, కానీ రకం మారిపోతుంది. మొదటిది ఇంట్, రెండోది అన్‌సైన్డ్ లాంగ్. 64 బిట్ మెషిన్‌లో దాన్ని టిల్డేతో తలకిందులు చేస్తే పై 32 బిట్లు కూడా 1లవుతాయి. 32 బిట్ వేరియబుల్‌లో పెట్టుకుంటే ఇబ్బంది లేదు. పోలికల్లో, ప్రింట్ ఫార్మాట్‌లలో, 64 బిట్ విలువలతో కలిపినప్పుడు తేడా వస్తుంది.

'ఎమ్ డిలే' (మేలుకునే ఆగడం) తీసి 'ఎమ్ స్లీప్' (నిద్రపోయి ఆగడం) పెట్టే ప్యాచ్ వస్తే ఆ ఫంక్షన్‌ను ఎవరెవరు పిలుస్తున్నారో చివరిదాకా వెతకండి. ఒక్క పిలుపు నిద్రపోకూడని చోటు నుంచి, అంటే ఇంటరప్ట్ హ్యాండ్లర్ నుంచో, స్పిన్‌లాక్ పట్టుకున్న చోటు నుంచో వస్తే చాలు, 'షెడ్యూలింగ్ వైల్ అటామిక్' అని కెర్నెల్ కేక పెడుతుంది.

'డెవ్ఎమ్ ఐఓరీమ్యాప్' బదులు 2019లో 5.1లో వచ్చిన 'డెవ్ఎమ్ ప్లాట్‌ఫామ్ ఐఓరీమ్యాప్ రిసోర్స్' పెడితే నాలుగు లైన్లు తగ్గుతాయి. కాకపోతే కొత్తది ఆ చిరునామా ప్రాంతాన్ని తన పేరిట రిజర్వ్ చేసుకుంటుంది. రెండు డ్రైవర్లు ఒకే ప్రాంతాన్ని పంచుకునే చిప్పులున్నాయి. అక్కడ రెండో డ్రైవర్‌కు 'బిజీ' ఎర్రర్ వచ్చి ప్రోబ్ ఆగిపోతుంది. బోర్డు మీది పరికరాల వివరాలుండే డివైస్ ట్రీలో ఆ చిరునామా ఇంకెక్కడైనా ఉందా అని వెతికితే అర నిమిషంలో తేలుతుంది.

'డెవ్ ఎర్ ప్రోబ్' 2020లో 5.9తో వచ్చింది. ఎర్రర్ నంబర్ 517, అంటే 'నాక్కావలసిన ఇంకో డ్రైవర్ ఇంకా రాలేదు, తర్వాత పిలువు' అయితే లాగ్ నింపకుండా కారణం మాత్రం రాసిపెట్టుకుంటుంది. మంచి మార్పు, నేను ఎప్పుడూ సరే అంటాను. ప్రోబ్ దారిలో నడిచే చోటే పెట్టారా అని మాత్రం చూడాలి. ఇక 'ప్లాట్‌ఫామ్ గెట్ ఐఆర్‌క్యూ' 2019 నుంచి తన సందేశం తానే వేస్తుంది కాబట్టి దాని కింద మన సందేశం తీసెయ్యొచ్చు.

గార్డ్‌ల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఇప్పుడు వచ్చే క్లీనప్‌లలో వాటి వాటా పెరుగుతోంది. 2023లో 6.5 కెర్నెల్‌తో వచ్చిన ఈ పద్ధతిలో లాక్ పట్టుకుంటే ఆ బ్లాక్ దాటగానే దానంతటదే వదిలిపోతుంది. అన్‌లాక్ మర్చిపోయే తప్పులు పోతాయి. కానీ పాత కోడ్‌లో అన్‌లాక్‌కూ రిటర్న్‌కూ మధ్య ఏ లైన్లున్నాయో వేలు పెట్టి చదవాలి. అవన్నీ ఇప్పుడు లాక్ కిందికి వచ్చేశాయి. మొదట మ్యూటెక్స్ వదిలి, తర్వాత ఆ మ్యూటెక్స్ ఉన్న స్ట్రక్చర్‌నే 'కేఫ్రీ' చేసే ఫంక్షన్ ఉందనుకోండి. గార్డ్ పెడితే ముందు మెమరీ పోతుంది, ఆ తర్వాత పోయిన మెమరీలోని మ్యూటెక్స్‌ను వదలబోతుంది. స్పిన్‌లాక్ అయితే, వదిలాక యూజర్‌కు కాపీ చేసే లైను ఇప్పుడు అటామిక్ స్థితిలో, అంటే నిద్రపోకూడని చోట నడుస్తుంది. ఇలాంటి చోట ఫంక్షన్ మొత్తానికి కాకుండా 'స్కోప్డ్ గార్డ్'తో అవసరమైన నాలుగు లైన్లకే చుట్టమని అడగాలి.

ఒకే ఫంక్షన్‌లో గోటులనూ, ఈ కొత్త పద్ధతినీ కలపొద్దని కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. గార్డ్ ఉన్న లైనును దాటి ముందుకు దూకే గోటు ఉంటే, పట్టుకోని లాక్‌ను వదిలే కోడ్ తయారవుతుంది. క్లాంగ్ కంపైలర్ దాన్ని ఎర్రర్‌గా ఆపుతుంది. జీసీసీతోనే కంపైల్ చేసి 'హెచ్చరికలు లేవు' అన్నవాళ్లను క్లాంగ్‌తో కూడా చెయ్యమనండి.

సబ్‌సిస్టమ్‌ను బట్టి పద్ధతులు మారతాయని కూడా తెలిసి ఉండాలి. నెట్‌వర్క్ డ్రైవర్ల మెయింటైనర్లు వేరే పనితో సంబంధం లేని ఉత్త క్లీనప్‌లను వద్దంటారు. 20 లైన్లు దాటిన ఫంక్షన్‌లో గార్డ్ వాడడం కూడా వాళ్లకు నచ్చదు. రెండూ వాళ్ల డాక్యుమెంటులో రాసి ఉన్నాయి. స్టేజింగ్ డైరెక్టరీ అట్టా కాదు, క్లీనప్ కోసమే అక్కడ డ్రైవర్లను పెడతారు. కొత్తవాళ్లకు ఈ తేడా చెప్పకపోతే ఒకచోట మెచ్చుకున్న ప్యాచ్ ఇంకోచోట ఎందుకు తిప్పికొట్టారో అర్థం కాక వెనక్కిపోతారు.

ఇప్పుడు పని వరస. ప్యాచ్‌ను మెయిల్‌లోనే చదివి ఊరుకోవద్దు, మెయిలింగ్ లిస్టు నుంచి ప్యాచ్‌లు తెచ్చే 'బీ4' సాధనంతో మీ ట్రీలోకి తెచ్చుకోండి. 'గిట్ షో'కు ఖాళీలను పట్టించుకోని డబ్ల్యూ ఆప్షన్ ఇస్తే ఇండెంటేషన్ మార్పులు మాయమై అసలు మార్పులు మిగులుతాయి. కోడ్ ఒకచోట నుంచి ఇంకోచోటికి జరిపిన ప్యాచ్ అయితే 'కలర్ మూవ్డ్' ఆప్షన్ ఇవ్వండి. జరిపిన లైన్లు ఒక రంగులో వస్తాయి, జరుపుతూ మధ్యలో మార్చిన లైను వేరే రంగులో తేలుతుంది. తర్వాత 'డబ్ల్యూ=1', 'సీ=1' పెట్టి ఎక్స్86కూ ఆర్మ్64కూ రెండిటికీ కంపైల్ చెయ్యండి. 'సీ=1' స్పార్స్ అనే కోడ్ తనిఖీ సాధనాన్ని నడుపుతుంది, ఎండియన్ తప్పులు, రిజిస్టర్ పాయింటర్ల తప్పులు పడతాయి.

ఖాళీలు, పేర్లు, కామెంట్లు మాత్రమే మార్చామన్న ప్యాచ్‌కు నమ్మకమైన పరీక్ష ఒకటుంది. ప్యాచ్‌కు ముందు ఆ ఒక్క ఫైలు ఆబ్జెక్టును తయారుచేసి 'ఆబ్జ్‌డంప్'తో విడదీసి పక్కన పెట్టండి. ప్యాచ్ పెట్టాక మళ్లీ చేసి రెండిటినీ డిఫ్ చెయ్యండి. ఒకటే రావాలి. లైన్ నంబర్లు వాడుకునే వార్న్ మాక్రోల దగ్గర నంబర్ మారొచ్చు, అది తప్ప ఇంకేం తేడా ఉన్నా కారణం అడగాలి. కంటితో రెండు వేల లైన్లు చదివే బదులు ఐదు నిమిషాల్లో తేలిపోయే పని ఇది, చాలామంది చెయ్యరు.

హార్డ్‌వేర్ దగ్గరుంటే కెర్నెల్‌ను ఈ ఆప్షన్లతో కట్టండి: వదిలేసిన మెమరీ ముట్టుకుంటే పట్టే కాసాన్, లాక్ వరస చూసే ప్రూవ్ లాకింగ్, నిద్రపోకూడని చోట నిద్రను పట్టే డీబగ్ అటామిక్ స్లీప్, పంచుకున్న ఇంటరప్ట్‌ను వదిలేటప్పుడు హ్యాండ్లర్‌ను కావాలనే ఒకసారి పిలిచే డీబగ్ షేర్డ్ ఐఆర్‌క్యూ, బూట్‌లోనే ప్రోబ్ చేసి, తీసి, మళ్లీ ప్రోబ్ చేసే డీబగ్ టెస్ట్ డ్రైవర్ రిమూవ్. పైన చెప్పిన క్లాక్ తప్పును నాలుగోది దాదాపు వెంటనే బయటపెడుతుంది. తర్వాత సిస్ఎఫ్ఎస్‌లో ఆ డ్రైవర్ కింద ఉండే అన్‌బైండ్, బైండ్ ఫైళ్లకు పరికరం పేరు రాస్తూ వందసార్లు లూప్ తిప్పండి. ఒక ప్రోగ్రాము ఆ పరికరం ఫైలును తెరిచి ఉంచి ఇంకో వంద తిప్పండి. హార్డ్‌వేర్ లేకపోతే కంపైల్ మాత్రమే చేశామని సూటిగా రాస్తే ఎవరూ తప్పుపట్టరు.

ప్యాచ్‌ల విభజన విషయంలో గట్టిగా ఉండండి. ఒక ప్యాచ్‌కు ఒక రకం మార్పు. క్లీనప్ చేస్తూ చేస్తూ నిజమైన తప్పు కనపడితే ఆ సవరణ సిరీస్‌లో మొదటి ప్యాచ్‌గా రావాలి, 'ఫిక్సెస్' ట్యాగ్‌లో తప్పు పుట్టిన కమిట్ ఐడీలోని మొదటి 12 అక్షరాలతో. సవరణను స్టేబుల్ కెర్నెల్స్‌కు తీసుకుపోవాలి, క్లీనప్‌ను తీసుకుపోరు. క్లీనప్ ముందు వచ్చి దాని మీద సవరణ కూర్చుంటే పాత కెర్నెల్స్‌లో అది అతకదు. అక్కడ ఇరుక్కునేది ఏళ్ల కిందటి కెర్నెల్‌తో నడిచే గట్టు మీది బోర్డే.

కమిట్ సందేశంలో 'చెక్‌ప్యాచ్ (రాత తీరును చూసే స్క్రిప్టు) చెప్పింది' అన్నది కారణం కాదు. చెక్‌ప్యాచ్ 2020 నుంచి 100 అక్షరాల దాకా ఊరుకుంటుంది, కోడింగ్ స్టైల్ మాత్రం ఇప్పటికీ 80 దగ్గర విరవడమే మేలంటుంది. 82 అక్షరాల లైనును విరిచి చదవడానికి ఇంకా కష్టం చేసిన ప్యాచ్‌కు నేను సరే అనను. ఏం మారింది, ఎందుకు, పనితీరు మారలేదని ఎట్టా తేల్చుకున్నారు అన్న మూడూ 75 అక్షరాలకు మడిచిన నాలుగు లైన్లలో పడతాయి.

జవాబు రాసేటప్పుడు ఆ లైను కిందే రాయండి, ఏం జరుగుతుందో వరసగా రాయండి. 'వరస తప్పు' అని వదిలేస్తే కొత్తవాళ్లు ఏ వరసో తెలియక మూడు రోజులు పోగొట్టుకుంటారు. 'రిమూవ్‌లో 212వ లైను దగ్గర క్లాక్ ఆగుతోంది, ఇంటరప్ట్ ఆ తర్వాతే పోతోంది, మధ్యలో హ్యాండ్లర్ 88వ లైనులో రిజిస్టర్ చదువుతుంది, దీన్ని చూడండి' అని రాస్తే వాళ్లు ఇంకో పది డ్రైవర్లలో ఆ తప్పు తామే పడతారు.

'రివ్యూడ్ బై' అని పేరు పెట్టడమంటే ఆ ప్యాచ్‌ను పూర్తిగా పరిశీలించి, తెలిసిన లోపం లేదని మాట ఇవ్వడం. ఆలోచన నచ్చిందనడానికి 'యాక్డ్ బై' ఉంది, నడిపి చూసినందుకు 'టెస్టెడ్ బై' ఉంది. రెండో వెర్షన్ వస్తే ముందు ఇచ్చిన పేరు దానికీ వర్తిస్తుందా అని 'గిట్ రేంజ్ డిఫ్'తో రెండు వెర్షన్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. కామెంట్ అక్షరదోషం ఒక్కటే మారితే ఉంచండి. ప్రోబ్ వరస గానీ రిమూవ్ గానీ కదిలితే ఆ పేరు తీసెయ్యమని రాసి, కాగితం మీద గీతలు మళ్లీ మొదటి నుంచి గీయండి.